అండమాన్‌ని ఎవరు తీసేశారు?

"ఆడగొంతేనండి. అందులో అనుమానం లేదు," అంది జ్యోతి స్పీకర్‌లోంచి.

కొత్తవాడలోని ఆ ఇంటి ముందుగదిలో ఎవరూ కదల్లేదు. ఉపేందర్ ఫోన్‌ని అరచేతిలో పెట్టుకుని, అది కరుస్తుందేమోనన్నట్టు కాస్త దూరంగా పట్టుకున్నాడు. గుమ్మానికి కట్టిన పెళ్ళినాటి మామిడాకులు ఎండిపోయి గాలికి గలగలమంటున్నాయి. పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. తమ హనీమూన్‌ని ఎవరో మొదలవకముందే తెంపేశారని, ఆ ఎవరో ఈ గదిలోనే ఉన్నారని సుహాసినికి అప్పుడే అర్థమైంది.

"జర మళ్ళ మొదటికెల్లి చెప్పుండ్రి మేడం," అన్నాడు ఉపేందర్.

జ్యోతి మళ్ళీ చెప్పింది. ఆమెది కాకినాడ. పెళ్ళయి హన్మకొండ వచ్చి, అక్కడే ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో టికెట్ల పని చూస్తోంది. ఉపేందర్ పేరు మీద ఆమె రెండు ప్రయాణాలు పట్టి ఉంచింది. ఒకటి బాలి, రెండోది అండమాన్. అండమాన్ సీట్ల గడువు ముగుస్తోందని నిన్న పొద్దున ఉపేందర్ నంబరుకి ఫోన్ చేసింది. ఒకావిడ ఎత్తింది. అండమాన్ తీసేయమంది. జ్యోతి తీసేసింది. ఆ సీట్లు అప్పుడే ఇంకెవరికో పోయాయి. బాలి మాత్రం ఎల్లుండి సాయంత్రం దాకా ఉంటుంది.

"ఖాయమేనా అని కూడా అడిగానండి. ఖాయమే అన్నారు," అంది జ్యోతి. తన మీదికి ఏమొస్తుందోనన్న బెదురు గొంతులో తెలుస్తోంది.

ఉపేందర్ ఫోన్‌లో వెతికాడు. జ్యోతి చెప్పిన కాల్ అందులో ఉంది. మాట్లాడినట్టే ఉంది. ఆ వేళప్పుడు అతను స్నానానికి పోయాడు. ఫోన్ వెనకాల మగ్గాల గదిలో చార్జింగ్‌లో ఉంది. సుహాసిని మేడ మీద బట్టలు ఆరేస్తోంది. మామ సాంబమూర్తి భుజం నొప్పికి దవాఖానకు పోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు.

ఆ ముగ్గురూ ఇప్పుడు సుహాసిని ఎదురుగానే ఉన్నారు. గోడకు చేరగిలబడి కాళ్ళు బారజాపుకున్న నాయినమ్మ యాదవ్వ. పెళ్ళి కోసం హైదరాబాద్ నుంచి వచ్చి ఇంకా తిరిగి వెళ్ళని ఆడబిడ్డ విజయశ్రీ. వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటున్న అత్త మొగిలమ్మ.

యాదవ్వ, విజయశ్రీ ఫోన్‌నే చూస్తున్నారు. మొగిలమ్మ మాత్రం ఫోన్‌ని చూడలేదు. కూతురి ముఖం చూసింది. చూసి వెంటనే తల దించుకుంది.

ఆ చూపుని సుహాసిని పట్టేసింది.

"ఎవలు క్యాన్సిల్ చెయ్యమన్నరు?" అని అడిగాడు ఉపేందర్.

ఆ ఫోన్ల మీద పచ్చగుండు ఒత్తాల్నో ఎర్రగుండు ఒత్తాల్నో తనకు ఇప్పటికీ తెలియదని యాదవ్వ తేల్చేసింది. బాలి పొమ్మని మొహం మీద చెప్పిన మనిషికి దొంగచాటుగా చేసే ఖర్మ ఏమిటని విజయశ్రీ తమ్ముణ్ణి నిలదీసింది.

మొగిలమ్మ అందరికంటే మెల్లగా చెప్పింది. "నేనైతే క్యాన్సిల్ చెయ్యమనలే."

చెప్పి వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదని సుహాసినికి తెలుసు.

*

గొడవ మొదలైంది రెండు దీవుల దగ్గర.

సుహాసిని హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. ఏటా పరీక్షల ముందు పిల్లలతో మ్యాపులో ఊళ్ళు పెట్టిస్తుంది. అచ్చు సరిగా పడని ఆ కాగితాల్లో కుడిపక్క సముద్రంలో కొన్ని నల్లచుక్కలుంటాయి. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల లేచి, మేడం, ఇవి దీవులా, సిరా మరకలా అని అడుగుతుంది. దీవులే, అండమాన్ అని ఆమె చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ, నేనైనా చూశానా అని లోపల ఒక చిన్న నవ్వు వచ్చేది. తొర్రూరులో పుట్టి, వరంగల్లో చదివిన ఆమె ఇంతవరకు సముద్రాన్నే చూడలేదు.

పెళ్ళయిన వారానికి మేడ మీద కూర్చుని ఉపేందర్ అడిగాడు, ఏ దీవికి పోదామని. అతను అట్లా అడగడమే ఆమెకు నచ్చింది. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఆ చుక్కల్ని వేళ్ళతో పెద్దవి చేసి చూపించింది. చుక్కలు పచ్చటి కొండలయ్యాయి, తెల్లటి ఇసుక అయ్యాయి.

"గంతేనా? రేపే జ్యోతి మేడంకు చెప్పి టికెట్లు తీసేస్త," అన్నాడు అతను.

ఆ మాట మెట్లు దిగేలోపే ఇల్లంతా పాకింది. విజయశ్రీ తోటికోడలు కిందటేడు బాలి పోయి, లోయ మీద ఊయల ఊగుతున్న ఫొటో పెట్టింది. ఆ ఊయల విజయశ్రీ గుండెల్లో ఇంకా ఊగుతూనే ఉంది. తన తమ్ముడు బాలి పోకపోతే అత్తింట్లో తన మాట చెల్లదన్నట్టు మాట్లాడింది. "అండమాన్ పోయి ఏం ఫొటో పెడ్తవు మరదలా? జైలు ముంగట నిలబడా?" అంది.

యాదవ్వకి రెండూ నచ్చలేదు. అండమాన్ అంటే కాలాపానీ, పోయినోళ్ళు వస్తరన్న నమ్మకం లేదు. బాలి అంటే ఆ పేరే బాగాలేదు, బలి అన్నట్టున్నది. కొత్తజంటను గట్లాంటి ఊరికి ఎవరు పంపుతరు? దీవే కావాలంటే లక్నవరం చెరువుల లేదా, ఊగే బ్రిడ్జి గూడ ఉన్నది, పొద్దుగాల పోతే మాపటికి ఇంటికి రావచ్చునని ఆమె వాదన.

సాంబమూర్తి తన భుజం నొప్పి తనకు చాలన్నాడు. మొగిలమ్మ ఏమీ అనలేదు. రెండు పూటలూ అందరూ తన ముందే కొట్లాడుకుంటే, నూలు చుట్టుకుంటూ కూర్చుంది. ఆ మౌనం సుహాసినికి అప్పుడే గుచ్చుకుంది. ఇష్టం లేనివాళ్ళే అట్లా ఊరుకుంటారనుకుంది.

చివరికి గొడవ తట్టుకోలేక ఉపేందర్ రెండూ పట్టి ఉంచమని జ్యోతికి చెప్పాడు. ఇప్పుడు ఒకటి పోయింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు అతను నచ్చజెప్పబోయాడు. "పోనీలే సుహా. ఏదైతేంది? రెండు దీవులే గద. గవే నీళ్ళు, గదే ఇసుక."

సుహాసిని అతని వైపు తిరిగి పడుకుని మాట్లాడింది. కోపంగా మాట్లాడలేదు. "నాకు బాలి మీద కోపం లేదు. నువ్వు నన్ను అడిగినవ్. నేను చెప్పిన. చెప్పినంక ఎవలో వచ్చి నా మాటను తుడిచేసిన్రు. రేపు గిదే ఇంట్ల నేను ఇంకోటి చెప్త. అది గూడ తుడిచేస్తరు. ఎవలు తుడిచిన్రో తెల్వకుండ నేనీ ఇంట్ల ఎట్ల ఉండాలె?"

ఉపేందర్ వెల్లకిలా తిరిగాడు. చాలాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

*

మర్నాడు స్కూల్లో పని ఉందని చెప్పి సుహాసిని హన్మకొండ బస్సెక్కింది. సీటు దొరకగానే ఫోన్ తీసి ఇంటి వాట్సాప్ గ్రూపు తెరిచింది. రాత్రంతా ఆలోచించి ఆమె ఒక ఉపాయం పన్నింది. జ్యోతి ఆ గొంతు విన్నది. మళ్ళీ వింటే గుర్తుపడుతుంది. గొంతులు గ్రూపులో ఉండనే ఉన్నాయి.

యాదవ్వకి రాయడం రాదు కాబట్టి అన్నీ వాయిస్ మెసేజీలే పెట్టిస్తుంది. ఫోన్ పట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. విజయశ్రీకి రాయడం వచ్చు గాని ఓపిక లేదు. మొగిలమ్మవి వెతికింది. పెళ్ళి రోజుల దాకా వేలితో పైకి తోసుకుంటూ పోయింది. ఒక్కటీ లేదు. ఆ గ్రూపులో మొగిలమ్మ ఉన్నట్టే తెలియదు.

ట్రావెల్స్ ఆఫీసు ఒక మెట్ల పక్క గది. గోడల నిండా నీలం సముద్రాలు, వాటి కింద కొబ్బరిచెట్లు. జ్యోతి ఆమెను చూడగానే లేచి నిలబడింది, తిట్టడానికి వచ్చిందనుకుని. సుహాసిని విషయం చెప్పేసరికి మాత్రం ఆమె కళ్ళు వెలిగాయి. తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

మొదట యాదవ్వ గొంతు పెట్టింది సుహాసిని. మామిడికాయ తొక్కులో ఉప్పు ఎవరు తక్కువేశారో తనకు తెలుసని, పేరు చెప్పనని యాదవ్వ హెచ్చరిస్తోంది. జ్యోతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఈవిడ కాదంది. తర్వాత విజయశ్రీ. పెళ్ళి చీర జాకెట్టు కుట్టినవాడి వంశాన్నంతా కడిగేస్తోంది. జ్యోతి తల అడ్డంగా ఊపింది. ఈవిడది పైకెక్కే గొంతు, ఆ గొంతు కిందికి దిగేది, వినడానికి ఫోన్‌ని చెవికి నొక్కుకోవలసి వచ్చింది అంది.

"ఇంకోటి చెప్పడం మరిచాను," అంది జ్యోతి. "ఆవిడ మాట్లాడుతున్నంతసేపు వెనకాల టకటకమని ఏదో చప్పుడు. మిషనేమో అనుకున్నాను."

మిషన్ కాదు. పక్క మగ్గం మీద కూలికి నేసే మనిషి. ఆ గదిలోకి విజయశ్రీ పోదు, పీచు పడితే తుమ్ములొస్తాయని. యాదవ్వ పోలేదు, గడప ఎక్కలేదు.

"ఆమె ఏమన్నదో ఒక్కో మాట చెప్పండి," అంది సుహాసిని. కుర్చీ ముందుకు జరుపుకుంది.

జ్యోతి కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. అండమాన్ సంగతి ఏం చేయమంటారండీ అని తాను అడిగింది. తీసెయ్ బిడ్డా, జల్ది తీసెయ్ అని ఆవిడ అంది. మరి బాలి అంటే, బాలిని ముట్టకు అంది. ఖాయమేనా అంటే ఖాయమే అంది. పెట్టేసే ముందు ఇంకో మాట.

"మా పిల్లకు ఇప్పుడే చెప్పకు, అన్నారండి."

సుహాసిని గోడ మీది సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. మా పిల్ల. అంటే తనే. తనకు తెలియకుండా చేయమంది. విజయశ్రీ తిడితే తిట్టింది, ఎదురుగా తిట్టింది. యాదవ్వ వెక్కిరించింది, ఎదురుగానే వెక్కిరించింది. ఏమీ అనని మనిషి వెనక నుంచి చేసింది. ఫోన్ విషయం బయటపడినప్పుడు మొగిలమ్మ కూతురి వైపు ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. కూతురి కోసమే చేసింది.

జ్యోతి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. వేరే దారిలో సీట్లున్నాయేమో చూస్తానంది. సుహాసిని నీళ్ళు తాగి లేచింది.

ఆ సాయంత్రం ఇంట్లో సర్వపిండి చేశారు. సుహాసినికి ఇష్టమని పెళ్ళిచూపుల నాడు ఆమె తల్లి అన్న మాట మొగిలమ్మ గుర్తుపెట్టుకుంది. అంచులు ఎర్రగా కాలిన ఆ బియ్యప్పిండి రొట్టెను చేత్తో విరిచి, పల్లీలు ఎక్కువ ఉన్న ముక్క చూసి కోడలి పళ్ళెంలో పెట్టింది.

"ఆకలి లేదు అత్తమ్మా," అంది సుహాసిని. పళ్ళెం జరిపి లేచింది.

మొగిలమ్మ చెయ్యి ఆ ముక్క మీద అట్లాగే ఆగిపోయింది. ఉపేందర్ చూశాడు. యాదవ్వ చూసి, నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా మూసుకుంది.

*

గడువు రోజు పొద్దున సాంబమూర్తి చెయ్యి భుజం పైకి లేవలేదు.

మగ్గం మీద వెడల్పాటి జంపఖానా సగంలో ఉంది. ఒక ఫంక్షన్ హాలు వాళ్ళకు ఇవ్వాల్సిన సరుకు. అంత వెడల్పు జంపఖానాను ఒక్కరు నేయలేరు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు తమ సగం దాకా అడ్డదారం పేకను తెచ్చి చేతికిస్తే, రెండోవాళ్ళు అందుకుని రెండో అంచు దాకా తీసుకుపోతారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఇనుప దువ్వెన లాంటి పంజాతో కొట్టాలి. ఒకరు ముందు, ఒకరు వెనక కొడితే గుడ్డ వంకర పోతుంది. ముప్పై ఏళ్ళుగా సాంబమూర్తి, మొగిలమ్మ అట్లా కూర్చుంటున్నారు.

"జర నా పక్కన కూసుంటవా బిడ్డా? నేను చెప్తా పోత," అంది మొగిలమ్మ.

కాదనడానికి సుహాసినికి సాకు దొరకలేదు. మామ కూర్చునే చోట, ఆయన బరువుకి గుంతపడిన గోనె పట్టా మీద కూర్చుంది.

మొదట్లో పంజా దెబ్బలు కలవలేదు. మొగిలమ్మ తిట్టలేదు. నాలుకతో టక్కుమని చిన్న చప్పుడు చేసేది, కొట్టబోయే ముందు. ఆ చప్పుడు వింటే చెయ్యి దానంతటదే లేచేది. కాసేపటికి రెండు దెబ్బలు ఒక్కటిగా పడ్డాయి. నీలం పేక సుహాసిని చేతికి వస్తోంది, పోతోంది. నడిమధ్య ప్రతిసారీ రెండు చేతులు తగులుతున్నాయి. అత్త వేళ్ళు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. కోపం ఉన్న మనిషి చేతిని అన్నిసార్లు ముట్టుకోవడం ఎంత కష్టమో సుహాసినికి తెలిసివచ్చింది.

నీలం అయ్యాక ఎర్రచార మొదలైంది. కొన్ని వరసలు పడ్డాయి. పక్క మగ్గం మీద కూలి మనిషి టకటక నేస్తూనే ఉన్నాడు. మొగిలమ్మ కండెలో నూలు అయిపోయిందని రాట్నం వైపు లేచింది. పోతూ పోతూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఎర్రది తీసెయ్ బిడ్డా."

సుహాసిని గుడ్డ వైపు చూసింది. ఎర్రచారలో ఏదో తప్పు పోయిందన్నమాట. తనదే అయి ఉంటుంది. పెదవి బిగించి, చివరి వరస కొస దొరకబుచ్చుకుని లాగింది. ఊడింది. దాని కిందిది లాగింది. వరస వెనక వరస, ఎర్రనూలు ఒడిలోకి కుప్పగా పడింది. చివరి వరస ఊడేసరికి మొగిలమ్మ కొత్త కండెతో తిరిగొచ్చింది.

ఆమె నిలబడిపోయింది. ఒళ్ళోని నూలును చూసింది, బోడిగా మిగిలిన నిలువు దారాల పడుగును చూసింది.

"ఇదేంది బిడ్డా? బంగారమసొంటి చారను ఊడదీసినవ్?"

"మీరే గదా అత్తమ్మా, ఎర్రది తీసెయ్ అన్నరు."

"ఎర్రనూలు తీసెయ్ అన్న. గా సంచిలకెల్లి. అయిపోవస్తాందని."

మొగిలమ్మ గోడ వైపు చెయ్యి చూపింది. గోడకు తగిలించిన సంచిలోంచి ఎర్రనూలు చిలప కొస కనబడుతోంది. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగడం లేదు. పక్క మగ్గం మనిషి కూడా ఆపి తొంగి చూశాడు.

సుహాసినికి నవ్వు రాలేదు. అదే మాట నిన్న జ్యోతి నోట విన్నది.

తీసెయ్ బిడ్డా. జల్ది తీసెయ్.

మేడ మీద ఉపేందర్ ఏమన్నాడు? రేపే టికెట్లు తీసేస్త అన్నాడు. నిన్న బస్సులో ఆడవాళ్ళకు ఉచిత టికెట్లిస్తూ కండక్టర్ ఏమన్నాడు? ఆధార్ చూపెట్టి జల్ది జీరో టికెట్ తీయుండ్రమ్మా అన్నాడు. చిన్నప్పటి నుంచి తొర్రూరు బస్టాండులో నాన్న తనను ఎన్నిసార్లు అడగలేదు, టికెట్ తీసినవా అని? ఇక్కడ టికెట్ తీయడమంటే కొనడమే, దానికి వేరే మాట లేదు. తీసెయ్ అంటే వదిలెయ్ అనుకునే కాకినాడ పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

"అత్తమ్మా," అంది. అత్త వైపు తిరిగింది. "మొన్న జ్యోతి ఫోన్ మీరే ఎత్తిన్రా?"

మొగిలమ్మ నవ్వు ఆగింది. కండెను అటూ ఇటూ తిప్పింది. అబద్ధం చెప్పడం రాని మనిషి అని ఆ తిప్పడంలోనే తెలిసిపోయింది.

"ఎత్తిన," అంది. "అండమాన్ తీసెయ్యమన్న. బాలి జోలికి పోకుమన్న. నీకు చెప్పొద్దన్న. టికెట్లు చేతికొచ్చినంక నువ్వే సూసుకొని సంబరపడ్తవని."

ఆమె గోనె పట్టా మీద కూర్చుంది. ఈసారి మాటలు ఆగకుండా వచ్చాయి. ట్రావెల్స్ పిల్ల ఎట్లాగూ అడిగింది కాబట్టి తను చెప్పేసింది. ఇంట్లో చెబితే మళ్ళీ రెండు పూటల పంచాయతీ. ముందు టికెట్లు అయిపోతే ఎవరూ ఏమీ అనలేరనుకుంది. అంతలోనే క్యాన్సిల్ అయిందని తెలిసింది. తను తీయించినదాన్ని, తన తర్వాత ఇంకెవరో ఫోన్‌లో మాట్లాడి రద్దు చేయించారని అనుకుంది.

"ఎవలు అనుకున్నరు?"

మొగిలమ్మ పడుగు దారాలను వేలితో సవరించింది. "విజయ. ఇంకెవలు ఉన్నరు? కన్నబిడ్డను నేనే పట్టియ్యాల్నా అని నోరు మూసుకున్న. మొన్నటికెల్లి దాని మొహం సూడబుద్ధి కాలే."

సుహాసిని ఒళ్ళోని ఎర్రనూలు వైపు చూస్తూ అంది, "నేను మీరనుకున్న."

"ఎరుకే. సర్వపిండి తినకపోతివి గద."

మొగిలమ్మ కండెను పక్కన పెట్టింది. తర్వాత సుహాసిని అడిగింది, మీకెందుకు అండమాన్ మీద అంత పట్టుదల అని. దీవి సంగతి తనకేం తెలుసంది మొగిలమ్మ. అది ఏ దిక్కున ఉంటుందో కూడా తెలియదు.

"నువ్వు మేడ మీద గా ఫోన్ల సుక్కలు సూపెట్టుకుంట నవ్వుతాంటే ఇన్న. ఇంత పెద్దగున్న ఇంట్ల నీకేం కావాలె అని నన్ను ఎవలు అడగలే. ఈ మగ్గం మీద ఏ రంగు ఎయ్యాల్నో గూడ మీ మామనే చెప్తడు. నిన్ను వాడు అడిగిండు. నువ్వు చెప్పినవ్. గది పోనియ్యొద్దనుకున్న. గంతే."

సుహాసిని వంగి, నేల మీద పడ్డ ఎర్రనూలు ఏరి, మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. కళ్ళు మసకబారడంతో కొస దొరకలేదు. మొగిలమ్మే కొస వెతికి చేతికిచ్చింది.

"ఇంట్ల తెలిస్తే అందరు నన్నే అంటరు," అంది మొగిలమ్మ. "విజయకు తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా, అమ్మ నామీదనే అనుమానం పెట్టుకున్నదని."

"ఎవల పేరు రాదు అత్తమ్మా," అంది సుహాసిని. "దొంగ పేరు నేను చెప్త."

ఆమె అక్కడి నుంచే జ్యోతికి ఫోన్ చేసింది. సీట్లు దొరికాయా అని మాత్రమే అడిగింది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ ఎర్రచారను మళ్ళీ మొదటి నుంచి నేశారు. ఈసారి మొగిలమ్మ నాలుకతో చప్పుడు చేయలేదు. చేయనవసరం రాలేదు.

*

సాయంత్రం మళ్ళీ అదే గది, అదే ఫోన్, అదే స్పీకర్. గడువు అయిపోవడానికి ఇంకా కాస్త సమయం ఉంది. సాంబమూర్తి భుజానికి వేడి కాపడం గుడ్డ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. యాదవ్వ గోడ దగ్గర. విజయశ్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. రెండు రోజులుగా తల్లి తనతో సరిగా మాట్లాడకపోవడం ఆమెకు అర్థం కాలేదు. దొంగతనం చేయనివాళ్ళకుండే పౌరుషం ఆమె ముఖం మీద కనిపిస్తోంది. అది ఇన్నాళ్ళూ తనకు ఎందుకు కనబడలేదా అని సుహాసిని ఆశ్చర్యపోయింది.

ఎవరూ అడగకముందే ఉపేందర్ మొదలుపెట్టాడు. రెండు రాత్రులు ఫ్యాన్ వైపు చూసి చూసి అతను ఒక నిర్ణయానికి వచ్చినట్టున్నాడు.

"అక్కా, బాలి సీట్లున్నయట. బావతోని నువ్వు పో, ఊయల ఊగు, మస్తు ఫొటోలు పెట్టు. నేను సుహాసినిని అడిగిన, ఆమె చెప్పింది. అండమాన్‌కు ఎప్పుడు దొరికితే అప్పుడు పోతం. దొరకకపోతే వచ్చే ఏడు పోతం. గప్పటిదాక ఎక్కడికి పోం."

సుహాసిని భర్త వైపు చూసింది. గవే నీళ్ళు, గదే ఇసుక అన్న మనిషేనా ఇతను? విజయశ్రీ ఏదో అనబోయి, బావతో అన్న మాట దగ్గర చిక్కుకుని, ఆలోచనలో పడింది.

స్పీకర్‌లో జ్యోతి గొంతు సవరించుకుంది. మధ్యాహ్నం నుంచి వెతికితే చెన్నై మీదుగా వెళ్ళే విమానంలో పక్కపక్కన రెండు సీట్లు దొరికాయంది. అనుకున్నదానికంటే కొద్ది రోజులు ఆలస్యం, అంతే. వెంటనే చెప్పాలంది.

"ఏం చేయమంటారండీ?"

అలవాటు కొద్దీ మొగిలమ్మ నోరు తెరిచింది. మాట పెదవి దాకా వచ్చింది. సుహాసిని ఆమెనే చూస్తోంది. మొగిలమ్మ ఆ మాట మింగేసి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కో అక్షరం విడదీసి పలికింది.

"కొను బిడ్డా. ఆ రెండు సీట్లు కొను. కొని పెట్టు."

ఇంట్లో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె అంత గట్టిగా మాట్లాడటం వాళ్ళు విని చాలా కాలమైంది. సాంబమూర్తి కాపడం గుడ్డ పక్కన పెట్టేశాడు. అటుపక్క కీబోర్డు చప్పుడు వినబడింది. కాసేపటికి అయిపోయిందండి, ఇద్దరి పేర్లూ వచ్చేశాయి అంది జ్యోతి.

ఉపేందర్ గాలి వదిలాడు. విజయశ్రీ కూర్చుంది. మొగిలమ్మ కూతురి పక్కకు పోయి, ఏమీ చెప్పకుండా, ఆమె జడలోంచి ఊడిపోతున్న పూలదండను సరిచేసింది. విజయశ్రీ తల్లి వైపు విడ్డూరంగా చూసి, తల కొంచెం వంచి ఇచ్చింది.

యాదవ్వ మాత్రం చేతికర్రతో నేల మీద కొట్టింది. టికెట్ల సంగతి సరే. ఇంట్లో దొంగ ఎవరో తేలకుండా ఈ పూట తాను అన్నం ముట్టనంది. ముగ్గురిలో ఒకరు చేశారు, ఆ ఒకరి పేరు ఇప్పుడే, ఇక్కడే రావాలంది.

"దొంగ దొరికింది నాయినమ్మా," అంది సుహాసిని.

యాదవ్వ కర్ర ఎత్తి పట్టుకుంది. మొగిలమ్మ వేళ్ళు కూతురి జడ మీద ఆగాయి.

"ఎవలు?"

"మనింట్ల పుట్టిందే. మనందరి నోట్ల పెరిగిందే. నిన్న బస్సుల నా ఎంబడి వచ్చింది. పొద్దున మగ్గం కాడ నేను నేసిన చారను నా చేతులతోనే ఊడదీయించింది. పాపం, కాకినాడల దానికి వేరే బుద్ధి ఉన్నదని మనకెవలకు ఎరుక లేదు."

"కథలు చెప్పకు పిల్లా. పేరు చెప్పు."

సుహాసిని ఫోన్ మీదికి వంగింది, అవతల జ్యోతికి కూడా స్పష్టంగా వినబడాలని. ఆమె పెదవుల మీద నవ్వు చూసి మొగిలమ్మ ముఖం విచ్చుకుంది.

"తీసెయ్."